మాయమయ్యారా, మాయం చేశారా

నేను తెలుగు చేసిన నవల మొదటి నూట యాభై పేజీల ప్రూఫులు మాష్టారి దగ్గర నుంచి వెనక్కి వచ్చాక లెక్కపెట్టాను. నలభై ఒక్క చోట్ల మార్జిన్‌లో పెన్సిలుతో ‘కర్త?’ అని రాసి ఉంది. అచ్చుతప్పులకు ఆయన పెట్టిన ఎర్ర సిరా గుర్తులు వేరు, వాటితో నాకు పేచీ లేదు. ఈ పెన్సిలు ప్రశ్నలన్నీ ఒకే మాట పక్కన ఉన్నాయి: ‘మాయం చేశారు’. నలభై ఒకటో చోటికి ఆయనకు విసుగొచ్చినట్టుంది, ప్రశ్న కింద రెండు గీతలు గీశారు.

మాష్టారు తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసి ఇరవై ఏళ్ళు దాటింది. శ్రీకాకుళంలో మా తెలిసినవాళ్ళలో ఎవరు పుస్తకం వేసుకున్నా అచ్చుకు ముందు ఆయన కళ్ళద్దాల కిందుగా వెళ్ళవలసిందే. డబ్బు తీసుకోరు. కాఫీ తాగుతారు, చీవాట్లు పెడతారు. ఆ సాయంత్రమే ఫోను చేశారు.

“టీచరమ్మా, ముప్ఫై మూడేళ్ళు పిల్లలకు వ్యాకరణం చెప్పారు. వాక్యానికి కర్త ఉండాలని మీకు నేను చెప్పాలా?”

“కర్తను చెప్పకపోవడమే కదా మాష్టారూ ఆ కథ” అన్నాను.

ఆయన ఫోను పెట్టేశారు.

ఈ పనిలోకి ఎలా దిగానో చెప్పాలి. మందస, టెక్కలి, హిరమండలం, పోలాకి, ఇలా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పి 2019లో పదవీ విరమణ చేశాను. మరుసటి ఏడాది కరోనా. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ అయిపోయాక మా అమ్మాయి బెంగళూరు నుంచి ఒక కట్ట పంపింది. అందులో ఒకటి స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన నవల. పేరు, రచయిత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. పుస్తకం వచ్చేదాకా బయట పెట్టకూడదని హక్కుల ఒప్పందంలో ఒక వాక్యం ఉంది, ఆ ఒప్పందం కోసం పడిన పాట్లు నాకు బాగా గుర్తున్నాయి.

కథ అర్జెంటీనా రాజధాని బువెనోస్ ఐరిస్‌లో జరుగుతుంది. బడి పిల్లల తెల్ల కోట్లు కుట్టి బతికే ఒక తల్లి, చదువుకుంటున్న కొడుకు. ఒక రాత్రి నంబరు ప్లేటు లేని ఆకుపచ్చ ఫోర్డ్ ఫాల్కన్ కారు వీధి చివర ఆగుతుంది. ఆ తర్వాత కొడుకు పుస్తకంలో ఎక్కడా ఉండడు. మిగతా మూడు వందల పేజీలూ తల్లి వెతుకులాటే.

అర్జెంటీనా అంటే అప్పటిదాకా నాకు తెలిసినది ఒక్క మారడోనా. 1986లో నేను ఉద్యోగంలో చేరాను, ఆయన ప్రపంచ కప్పు ఎత్తాడు. మాది బరువులెత్తే జిల్లా, కరణం మల్లీశ్వరి పుట్టిన జిల్లా. బంతాట మీద మాకు అంత ధ్యాస లేదు. కాబట్టి ఆ దేశం అంతకు ముందే, 1978లో, తన గడ్డ మీదే కప్పు గెలిచిందని ఈ నవల చదివాకనే తెలిసింది. ఆ ఫైనల్ జరిగిన మైదానానికి దగ్గరలోనే నౌకాదళం వారి మెకానిక్కుల బడి ఉంది. దాన్నే రహస్య చెరసాలగా వాడారు. గోల్ పడినప్పుడల్లా జనం కేకలు లోపల కళ్ళకు గంతలతో పడి ఉన్నవాళ్ళకు వినిపించేవి. ఆ భవనం ఇప్పుడు స్మారక మ్యూజియం, 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

ఒక్క పేజీ అనువదించక ముందే నాలుగు నెలలు చరిత్ర చదివాను. ఇంగ్లీషు టీచర్ల జబ్బు అది, పాఠానికి ముందు ఉపోద్ఘాతం లేనిదే నోరు పెగలదు. 1976 మార్చి 24న అక్కడ మూడు దళాల అధిపతులు కలిసి ప్రభుత్వాన్ని కూలదోశారు: సైన్యం నుంచి విదేలా, నౌకాదళం నుంచి మసేరా, వైమానిక దళం నుంచి అగోస్తి. 1983 డిసెంబరు 10 దాకా సైనిక పాలన. ఆ తర్వాత ఎర్నెస్తో సబాతో అనే రచయిత అధ్యక్షుడిగా కమిషన్ వేశారు. 1984లో వాళ్ళిచ్చిన నివేదికలో ఆ పాలనలో జాడ లేకుండా పోయినవాళ్ళు 8,961 మంది అని లెక్క తేలింది, 340 దాకా రహస్య చెరసాలలు బయటపడ్డాయి. మానవ హక్కుల సంఘాలు మొదటి నుంచీ చెబుతున్న సంఖ్య 30,000.

ఆ అంకెలకంటే తేదీ నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. 1976 మార్చిలో నేను ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షల్లో ఉన్నాను. ఇక్కడ ఎమర్జెన్సీ. అక్కడ ప్రభుత్వం కూలిన నెల రోజులకు, ఏప్రిల్ 28న, మన సుప్రీంకోర్టు అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తుల మాటగా, ఎమర్జెన్సీలో నిర్బంధితులకు హెబియస్ కార్పస్ కోరే హక్కు, అంటే పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందు నిలబెట్టమని అడిగే హక్కు, లేదని చెప్పింది. కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే. ఆ మార్చి ఒకటినే కేరళలో రాజన్ అనే ఇంజనీరింగు విద్యార్థిని పోలీసులు కాలేజీ హాస్టలు నుంచి పట్టుకుపోయారు. తండ్రి ఈచర వారియర్ హిందీ అధ్యాపకుడు. మరుసటి ఏడాది కోర్టుకెక్కి, ముఖ్యమంత్రి రాజీనామా చేసేదాకా కేసు నడిపారు. కొడుకు శవం మాత్రం దొరకలేదు. నేను అప్పుడు పరీక్షకు ఏం చదివానో కొంత గుర్తుంది. రాజన్ పేరు నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

అనువాదం రూళ్ళ నోటుపుస్తకాల్లో, పెన్సిలుతో, రోజుకు రెండు పేజీలు చేసేదాన్ని. రాత్రి భోజనాలయ్యాక మా ఆయనకు చదివి వినిపించేదాన్ని. ఆయన నిద్రపోతే ఆ పేజీలో ఏదో తేడా ఉన్నట్టు లెక్క. ఆయన పోస్టాఫీసు మనిషి, ఉత్తరం చేరిందా లేదా అన్నది తప్ప సాహిత్యంలో ఇంకేమీ పట్టదు. అయినా ఆ లెక్క పెద్దగా తప్పలేదు.

మొదటి చిక్కు పుస్తకం మొత్తానికి ఆధారమైన మాట దగ్గరే వచ్చింది. ఇలా జాడ లేకుండా పోయినవాణ్ణి స్పానిష్‌లో దెసపరెసీదో అంటారు. తెలుగులో మొదట ‘అదృశ్యమైనవాళ్ళు’ అని పెట్టుకుని ఎనభై పేజీలు సాగించాను. ఒక రోజు పొద్దున్నే జిల్లా ఎడిషన్ తిరగేస్తుంటే ‘వివాహిత అదృశ్యం’, ‘యువకుడి అదృశ్యం’ అని రెండు వార్తలు. ఒకరు అత్తగారితో గొడవపడి పుట్టింటికి చేరినవారు, ఇంకొకరు పరీక్ష తప్పి విశాఖ బస్సు ఎక్కినవారు. ఆ మాట మన పత్రికల్లో ఇలా స్థిరపడిపోయింది. ‘అదృశ్యమయ్యాడు’ అంటే చదివేవాడు ముందు ఇంట్లో ఏం గొడవ జరిగిందో ఊహిస్తాడు. విచిత్రం ఏమిటంటే, అక్కడి సైనికులు తల్లులతో సరిగ్గా ఆ మాటే అనేవారు: మీ అబ్బాయి ఏ అమ్మాయితోనో లేచిపోయి ఉంటాడు, ఇంకో దేశం వెళ్ళి ఉంటాడు, వెతుక్కోండి.

‘మాయమైనవాళ్ళు’ అని మార్చాను. ఈసారి మా మనవరాలు నవ్వింది. “అమ్మమ్మా, వీళ్ళంతా మాంత్రికులా?”

మా ఇంట్లో ‘మాయమైన’ మనిషి నిజంగానే ఒకరున్నారు. మా అమ్మమ్మ అన్నగారు కళింగపట్నం వైపు నుంచి రంగూన్ వెళ్ళారు, 1942లో బాంబులు పడ్డాక మళ్ళీ కబురు లేదు. పన్నెండేళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి, కర్మ జరిపించారు. ఆయన భార్య ఆ రోజు దాకా బొట్టు పెట్టుకుంది, ఆ రోజు తర్వాత పెట్టుకోలేదు. ఆయన విషయంలో ‘మాయమయ్యాడు’ సరిపోతుంది. యుద్ధమో, అడవి దారో, జ్వరమో, ఎవరిని నిలదీస్తాం? నవలలోని కొడుకు సంగతి వేరు. ఇంటికి వచ్చిన ఆరుగురిని తల్లి చూసింది. ఒకడు వెళుతూ వెళుతూ ఆమె కుట్టు మిషను కూడా పట్టుకుపోయాడు.

1979 డిసెంబరులో విదేలాను పత్రికా సమావేశంలో ఈ విషయం అడిగారు. ఆయన చేతులు గాల్లో తిప్పుతూ ఇచ్చిన జవాబు ఆ దేశంలో అందరికీ తెలుసు. దెసపరెసీదోకు ఉనికి లేదు, బతికీ లేడు, చనిపోయీ లేడు, అంతే. అంతకు మూడు నెలల ముందే, జాడ లేనివాళ్ళను చనిపోయినట్టు ప్రకటించుకోవచ్చని ఒక చట్టం కూడా తెచ్చారు. చాలామంది తల్లులు ఆ కాగితం ముట్టుకోలేదు. చచ్చిపోయాడని మీరు చెబితే, ఎలా చచ్చిపోయాడో, ఎవరు చంపారో కూడా మీరే చెప్పాలి అన్నారు. 1994లో గాని అక్కడి చట్టంలో ‘బలవంతపు అదృశ్యం వల్ల గైరుహాజరు’ అనే మూడో గడి ఏర్పడలేదు. మన దగ్గర ఏడేళ్ళు కబురు లేకపోతే చనిపోయినట్టే భావించవచ్చన్న సాక్ష్య చట్టం ఉంది. అందులో రంగూన్ తాతయ్యకు చోటుంది, రాజన్‌కు లేదు.

మాట కోసం శ్రీకాకుళంలోనే ఉన్న కథల గ్రంథాలయం, కథానిలయానికి వెళ్ళాను. కథకులు కారా (కాళీపట్నం రామారావు) మాష్టారు 1997లో తెరిచిన ఆ ఇల్లు మా ఊరి భాగ్యం, పాత పత్రికలు తిరగేయడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. నాకు కావలసినది 1970 ప్రాంతపు భాష. ఆ కాలం నాకు గుర్తుంది, పదకొండేళ్ళదాన్ని. ఆ జులైలో శ్రీకాకుళ గిరిజన పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఎదురుకాల్పుల్లో చనిపోయారన్న వార్త వచ్చిన రోజు మా నాన్న పత్రిక మడిచి పరుపు కింద పెట్టారు. నాన్నా బడిపంతులే, ఆ ఇద్దరూ బడిపంతుళ్ళే. పాతపట్నంలో ఎవరో తలుపు తడితే అమ్మ వెళ్ళి దీపం తగ్గించడం కూడా గుర్తుంది.

పత్రికల్లో ‘ఎదురుకాల్పులు’ అని ఉంది. జనం నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. ‘ఎన్‌కౌంటర్ చేశారు’ అనేవారు. వ్యాకరణం చెప్పుకుని బతికిన నేను ఈ సంగతి అరవై దాటాక గమనించాను. ఇంగ్లీషులో ఆ మాటకు ఇద్దరు కావాలి, ఇటు ఒకరు, అటు ఒకరు ఎదురుపడాలి. తెలుగువాళ్ళు దానికి ‘చేశారు’ తగిలించి ఒక వైపును తీసేశారు. ‘ఫలానా వాణ్ణి ఎన్‌కౌంటర్ చేశారు.’ ఎవరు చేశారో చెప్పరు, చెప్పవలసిన పనీ లేదు. ప్రభుత్వ ప్రకటన ఏం చెప్పినా జనం తమ క్రియతో తమ అభిప్రాయం చెప్పేశారు. అక్కడ శవాలను దాచారు, ఇక్కడ చూపించారు. ఆ తేడా పెద్దదే. క్రియ మాత్రం నాకు అక్కడే దొరికింది. ఇంటికి వచ్చి ‘మాయం చేశారు’ అని నోటుపుస్తకం అట్ట మీద రాసుకున్నాను.

ఇంకో సంతోషం కూడా కలిగింది, ఇది కాస్త వ్యాకరణ పిచ్చి ఉన్నవాళ్ళకే అర్థమవుతుంది. ఆ తల్లుల నినాదం ఒకటుంది. ఇంగ్లీషు పుస్తకంలో ‘దే’ అనే సర్వనామంతో మొదలవుతుంది. స్పానిష్ మూలం వెతికి చూస్తే అక్కడ ఆ సర్వనామం లేదు. మనలాగే వాళ్ళకూ క్రియ చివర ప్రత్యయంలోనే ‘వాళ్ళు’ ఉంటారు. ‘ప్రాణాలతో తీసుకుపోయారు, ప్రాణాలతో తెచ్చివ్వండి.’ ఇంగ్లీషు దాటి నేరుగా ఆ తల్లుల దగ్గరికి వెళ్ళినట్టు అనిపించింది. ఆ రోజు మా ఆయన నిద్రపోలేదు.

చిన్న మాటలూ తక్కువ ఏడిపించలేదు. 1977 ఏప్రిల్ 30న పద్నాలుగు మంది తల్లులు మొదటిసారి అధ్యక్ష భవనం ఎదుట ప్లాసా దె మాయో అనే కూడలిలో కలిశారు. గుంపుగా నిలబడకూడదు, కదలండి అన్నారు పోలీసులు. సరే అని ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని మధ్యనున్న స్తంభం చుట్టూ నడిచారు. ఆ తర్వాత ప్రతి గురువారం మధ్యాహ్నం మూడున్నరకు నడిచారు. నా కలం దానంతట అదే ‘ప్రదక్షిణ చేశారు’ అని రాసేసింది. చదవడానికి బాగుంది, కానీ అబద్ధం. అరసవల్లిలో మనం చేసేది ప్రదక్షిణ, ఎవరూ మనల్ని కదలమని గద్దించలేదు. కొట్టేసి ‘చుట్టూ తిరిగారు’ అని రాశాను. అంతకు ముందు వంద పేజీల్లో ఆ తల్లి పోలీసు ఠాణా చుట్టూ, మంత్రిత్వ శాఖ చుట్టూ, చర్చి చుట్టూ తిరిగింది. మన జిల్లాలో పెన్షను కోసం, పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరిగినవాళ్ళకు ఆ క్రియ గురించి నేను వివరించనక్కర్లేదు.

తెల్ల తలగుడ్డ ఇంకా ఇరకాటం. ఆ తల్లుల గుర్తు అదే. మన పాఠకురాలు తల మీద తెల్లబట్ట చూడగానే వైధవ్యం అనుకుంటుంది, చావును ఒప్పుకున్నట్టు అనుకుంటుంది. వాళ్ళు ఒప్పుకోనిదే అది. 1977 అక్టోబరులో లుహాన్ అనే పుణ్యక్షేత్రానికి నడిచి వెళుతూ, జనంలో ఒకరినొకరు గుర్తుపట్టడానికి, పసిపిల్లలకు కట్టే తెల్లగుడ్డలు తలకు కట్టుకున్నారట. బీరువాలో దాచుకున్న పిల్లల గుడ్డలు ఏ తల్లి దగ్గరైనా ఉంటాయి కదా. ఆ సంగతి తెలిశాక ‘తెల్ల వస్త్రం’ కొట్టేసి ‘పొత్తిగుడ్డ’ అని పెట్టాను. ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం మా అమ్మాయికి వాడిన పొత్తిగుడ్డ ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, నవ్వకండి.

మంత్రిత్వ శాఖ కిటికీ దగ్గర గుమాస్తా రిజిస్టరు చూసి ‘ఆ పేరు ఇక్కడ లేదు’ అనే దృశ్యం నవలలో ఆరుసార్లు వస్తుంది. ఆరుసార్లెందుకు, రెండు చాలవా అని మొదట విసుక్కున్నాను. మా పాత విద్యార్థిని ఒకామెది సముద్రపు ఒడ్డున మత్స్యకారుల ఊరు. ఆమె భర్త ఇక్కడి చాలామందిలాగే గుజరాత్ వెళ్ళి బోట్లలో పనిచేసేవాడు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్న మన జిల్లా జాలర్లలో అతనొకడు, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చాడు. నవల గురించి చెబితే ఆమె వేరే ప్రశ్న వేసింది.

“మేడమ్, వాళ్ళకు జాబితా ఇవ్వలేదా?”

రెండు దేశాలూ ఏటా జనవరి ఒకటిన, జులై ఒకటిన ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలని 2008 ఒప్పందం ఉంది. జైల్లో ఉన్నాడని, జాబితాలో పేరు ఉందని కబురు తెలిసిన రోజు అత్తగారు, తను కలిసి కడుపునిండా అన్నం తిన్నామని చెప్పింది. శత్రుదేశం జైలు, అయినా పేరు ఉంది. ఆ తర్వాత ఆ ఆరు దృశ్యాల్లో ఒక్కటీ కత్తిరించలేదు. ఆరోసారి గుమాస్తా రిజిస్టరు తెరవకుండానే ‘లేదు’ అంటాడు. రచయిత్రి దానికోసమే అయిదుసార్లు రాసింది, నాకు ఆలస్యంగా తెలిసింది.

అసలు ఆగిపోయింది మాత్రం ‘త్రస్లాదో’ అనే మాట దగ్గర. ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడం అని దాని అర్థం. మూడు వారాలు నోటుపుస్తకం తెరవలేదు. పంతొమ్మిదో అధ్యాయంలో నౌకాదళం వారి చెరసాల నుంచి బతికి బయటపడిన ఒక అమ్మాయి తల్లికి చెబుతుంది: వారానికోసారి కొన్ని నంబర్లు పిలిచేవారు, వాళ్ళకు త్రస్లాదో వచ్చింది అనేవారు. దక్షిణాన మంచి శిబిరానికి పంపుతున్నాం, అక్కడి వాతావరణానికి టీకా వేయాలి అని సూది పొడిచేవారు. అది మత్తుమందు. ఆ తర్వాత విమానం. విమానం నుంచి నదిలోకి, సముద్రంలోకి. 1995లో షిలింగో అనే మాజీ నౌకాదళ అధికారి తాను అలాంటి విమానాల్లో వెళ్ళానని స్వయంగా ఒప్పుకున్నాడు.

‘తరలింపు’ అని పెట్టవచ్చు. పత్రికలు ఖైదీలకు వాడే మాట అదే. కానీ తరలించేటప్పుడు ఎవరూ ఆశపడరు. అక్కడివాళ్ళు ఆశపడ్డారు. తన నంబరు పిలవలేదని ఒక కుర్రాడు చిన్నబుచ్చుకున్నాడని ఆ అమ్మాయి చెబుతుంది. ఆశపడే మాట తెలుగులో నాకు ఒకటే తెలుసు. ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో ప్రతి వేసవిలో దానికోసం ఎదురుచూశాను. మందస నుంచి ఇంటి దగ్గరకు బదిలీ వచ్చిన రోజు స్టాఫ్‌రూములో మిఠాయి పంచాను. ఆ మాటను అక్కడ పెట్టాలంటే చెయ్యి రాలేదు. ‘రేపు బదిలీ ఉంది’ అని రాసి, చెరిపి, ‘తరలింపు’ రాసి, చెరిపి, చివరికి బదిలీయే ఉంచాను. మా స్నేహితురాలు, ఆమె కూడా టీచరే, ఆ అధ్యాయం చదివి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక మాష్టారు. ఫోను పెట్టేసిన మూడో రోజు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. కాఫీ వచ్చింది, గ్లాసు చివరిదాకా ఇద్దరం ఏమీ అనలేదు.

“‘మాయమయ్యారు’ అంటే ఏం పోయింది?” అన్నారు.

“చేసినవాడు పోతాడు, మాష్టారూ.”

“పోనీ ‘మాయం చేయబడ్డారు’ అనండి.”

ఈ మాట ఆయన నోట రావడం నాకే ఆశ్చర్యం. ‘బడు’ ప్రయోగం కనబడితే పేజీ మొత్తం ఎర్రగా చేసే మనిషి. అది శిలాఫలకాల భాష, ‘ఇచట మూత్ర విసర్జన నిషేధింపబడినది’ భాష అని నాకు నేర్పినదీ ఆయనే. అదే ఆయనకు గుర్తుచేశాను. కుట్టు మిషను తొక్కే తల్లి అలా మాట్లాడదని అన్నాను.

ఆయన ఒప్పుకున్నట్టు తల ఊపి, అంతలోనే అసలు బాణం తీశారు. “సరే, వాక్యంలో సరే. ‘మాయం చేసినవాళ్ళు’ అని నూట పన్నెండో పేజీలో రాశారే, అది ఎవరు? పిల్లలా, సైనికులా? ‘చంపిన పులి’ అంటే పులి చంపిందా, పులిని చంపారా?”

జవాబు లేదు. తెలుగులో ఆ విశేషణం రెండు వైపులా కోసే కత్తి. నేను ఆ పేజీలో పిల్లల గురించి రాశాను, తిప్పి చదివితే హంతకుల గురించి రాసినట్టు ఉంది. తలవంచుకుని ఒప్పుకున్నాను. ఆయన ముఖం ఎంత వెలిగిపోయిందో చెప్పలేను.

ఆ మధ్యాహ్నం నుంచి రాత్రి ఎనిమిది దాకా కూర్చున్నాం. చివరికి తేలినది ఇది. సైనికులు, మంత్రులు, వాళ్ళ పత్రికలు మాట్లాడేచోట ‘అదృశ్యులు’. సంస్కృతం బరువూ, అంటీముట్టని తనమూ వాళ్ళకే సరిపోతాయి. తల్లులు మాట్లాడేచోట నామవాచకమే వద్దు, ప్రతిసారీ పూర్తి వాక్యం: ‘మా వాణ్ణి మాయం చేశారు’. వాక్యాలు పొడుగవుతాయి, పేజీలు పెరుగుతాయి, పెరగనీ. ఒకే మూలపదానికి రెండు అనువాదాలు పెట్టడం మాష్టారి సూత్రాలకు విరుద్ధం. ముందుమాటలో ఆ సంగతి చెప్పాలని షరతు పెట్టారు. నలభై ఒక్క ‘కర్త?’లనూ తనే రబ్బరుతో చెరిపారు. నలభై అన్నాను పొరపాటున, లెక్క సరిచేశారు.

ముందుమాటలో ఇంకో విషయం కూడా చేర్చాను. బలవంతపు అదృశ్యాలకు వ్యతిరేకంగా 2006లో ఐక్యరాజ్యసమితి ఒక ఒప్పందం ఆమోదించింది, 2010లో అమల్లోకి వచ్చింది. భారతదేశం 2007లో సంతకం చేసింది, ధ్రువీకరణ మాత్రం చేయలేదు. మాష్టారు ఆ వాక్యం దగ్గర ఏ గుర్తూ పెట్టలేదు.

అనుమతి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఏజెన్సీకి ఏడు మెయిళ్ళు, అయిదు నెలల మౌనం, ఆ తర్వాత ఒకే రోజులో మూడు జవాబులు. ఒక ప్రచురణకర్త మాత్రం పేర్లన్నీ తెలుగు పేర్లుగా మార్చి కథను ‘ఎక్కడో ఒక దేశం’లో పెట్టమన్నారు, బాగా అమ్ముతుందట. పేరు పోగొట్టుకున్నవాళ్ళ కథ అది. 1977 డిసెంబరులో తల్లుల్లో ముందు నిలిచిన అసుసేనా విల్లాఫ్లోర్‌ను కూడా ఎత్తుకుపోయారు. సముద్రం ఒడ్డుకు తెచ్చిన ఆమె శరీరాన్ని పేరు లేకుండా పూడ్చారు, ఎముకలను బట్టి పేరు తిరిగి రావడానికి 2005 దాకా పట్టింది. నేను ఇంకో ప్రచురణకర్తను చూసుకున్నాను.

ఇప్పుడు రెండో సగం టైపు అవుతోంది. డే అండ్ నైట్ కూడలి దగ్గర డీటీపీ కుర్రాడు చేస్తున్నాడు. అను ఫాంట్లలో చేసి యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, వాటి వెంటపడటమే నా ప్రస్తుత ఉద్యోగం. పోయిన వారం ఫోను చేశాడు.

“మేడమ్, పదిహేడో అధ్యాయంలో బదిలీ అయినవాళ్ళు ఏ ఊరు వెళ్ళారు? తర్వాత ఎక్కడా రాలేదు. పేజీలు తప్పిపోయాయేమో అని.”

“తప్పలేదు నాన్నా. టైపు చేస్తూ వెళ్ళు, ముందు వస్తుంది” అన్నాను.

నిన్న మళ్ళీ చేశాడు. బదిలీ సంగతి ఎత్తలేదు. కాసేపు ఊరుకుని, “పెంటోథాల్ అన్న మందు పేరులో థ కు ఒత్తు ఉంచాలా మేడమ్?” అని అడిగాడు.

ఉంచమన్నాను.